గట్టు మీదున్నవాళ్ళ లెక్క

(నెల్లూరులో ఒక ఆదివారం సాయంత్రం, గ్రంథాలయం హాల్లో రొయ్యల రైతులు, డిగ్రీ విద్యార్థుల ముందు ఒక రిటైర్డ్ ఎకనామిక్స్ లెక్చరర్ చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసింది. మాట్లాడిన తీరు మార్చలేదు.)

మైకు కాస్త ఇటు జరపండి. ఆఁ, చాలు. వెనకాల వినపడుతోందా? సరే.

అందరికీ నమస్కారం. కరపత్రంలో ‘రాజకీయ యూనియన్ బయట ఉండటంలోని ఆర్థిక లాభనష్టాలు’ అని వేశారు. అంటే కొన్ని దేశాలు కలిసి కట్టుకున్న కూటమిలో చేరకుండా ఉంటే ఏం వస్తుంది, ఏం పోతుంది అని. ఆ పేరు చూసి నలుగురు వస్తే గొప్ప అనుకున్నాను. హాలు నిండింది. ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు వైపు నుంచి రొయ్యల రైతులే ఎక్కువమంది కనపడుతున్నారు. సింగరాయకొండ నుంచి ఒకాయన బస్సెక్కి వచ్చారట. అమెరికా సుంకం మీద మాట్లాడతానని వచ్చుంటే ముందే చెబుతున్నా, అది చివర్లో వస్తుంది. ముందు చాలా దూరం పోయి రావాలి. నార్వే దాకా.

అంత దూరం పోయే ముందు ఒక లారీ సంగతి చెప్తాను. టైగర్ రొయ్య రోజులవి. తొంభైల మొదట్లో. తెల్లమచ్చ తెగులు ఇంకా రాలేదు, గుంట తవ్వినవాడల్లా షావుకారే అన్నట్టుండేది. మా మేనమామ సరుకు ఐసు పెట్టెల్లో పెట్టి రాత్రిపూట మద్రాసు పంపేవాడు. నేను కొత్తగా ఉద్యోగంలో చేరాను, సెలవులు, సరదాకి లారీలో ఎక్కాను. రాష్ట్రం దాటే చోట చెక్‌పోస్టు. ఏ చెక్‌పోస్టో పేరెందుకు లెండి. మా ముందు లారీలు ఎన్నున్నాయో లెక్కపెట్టడం మొదలుపెట్టి నిద్రపోయాను. లేచేసరికి లారీ అక్కడే ఉంది, కింద రోడ్డు మీద ఐసు కరిగిన నీళ్ళు మాత్రం కాలవ కట్టాయి. తెల్లారి ఐసు మళ్ళీ కొన్నాం. ప్లాంటులో సరుకు మెత్తబడిందని రేటు కోశారు. మామ చీటీ మీద రాసుకున్నాడు: రెండోసారి ఐసు ఇంత, డ్రైవర్ బత్తా ఇంత, రేటు కోత ఇంత. ఆ మూడూ కలిపితే డీజిల్ ఖర్చుకంటే ఎక్కువ తేలింది. నేను కాలేజీలో పాఠం చెప్పే అంతర్జాతీయ వాణిజ్యం అంతా ఆ చీటీలోనే ఉంది, నాకు అప్పుడు తెలియలేదు.

2017 జులై 1న జీఎస్టీ వచ్చింది. ఆ అమ్మకపు పన్ను చెక్‌పోస్టులు పోయాయి. బాగుంది. మరి రాష్ట్రం ఏం పోగొట్టుకుంది? అంతకుముందు ఫలానా వస్తువు మీద వ్యాట్ ఎంతుండాలో రాష్ట్రమే రాసుకునేది. ఇప్పుడు జీఎస్టీ కౌన్సిల్‌లో తేలాలి. అక్కడ ఓటు బరువులో కేంద్రానిది మూడో వంతు, రాష్ట్రాలన్నిటిదీ కలిపి మూడింట రెండు వంతులు, ఏ నిర్ణయమైనా నాలుగింట మూడు వంతుల బలంతో పాసవ్వాలి. అంటే గేటు లేచిపోయింది, రేటు రాసే పెన్ను చేతిలోంచి పోయింది, కానీ రాసే గదిలో ఒక కుర్చీ దొరికింది. గేటు, పెన్ను, కుర్చీ. పిల్లలూ, పరీక్షలో ఇలా రాయకండి, మార్కులు రావు. ఇవాళ నాకు మాత్రం ఈ మూడు మాటలు చాలు.

ఇప్పుడు నార్వేకి పోదాం.

యాభై అయిదు లక్షల జనాభా ఉన్న దేశం. యూరప్ దేశాల కూటమి యూరోపియన్ యూనియన్, అంటే ఈయూలో (మొదట్లో దాని పేరు వేరు) చేరాలా వద్దా అని జనాన్ని రెండుసార్లు అడిగారు. 1972లో 53.5 శాతం వద్దన్నారు. 1994లో 52.2 శాతం వద్దన్నారు. ఇరవై రెండేళ్ళు గడిచినా దాదాపు అదే మాట. ఓస్లో నగరం చేరదామంది, ఉత్తరాన సముద్రం మీద బతికేవాళ్ళు ససేమిరా అన్నారు. వాళ్ళ భయం ఉత్తినే పుట్టలేదు. బ్రిటన్, ఐర్లండ్, డెన్మార్క్, నార్వే లోపలికి వస్తామని అప్లికేషన్ పెట్టుకుని నిలబడ్డ సమయంలో, అప్పటికే లోపలున్న ఆరు దేశాలు 1970లో ఒక రూలు చేసుకున్నాయి. సభ్యదేశాల సముద్రంలో అందరి పడవలకీ సమాన హక్కు అని. ఎక్కువ చేపలున్నదేమో వచ్చేవాళ్ళ సముద్రంలో! సంబంధం కుదరకముందే మీ చెరువు మా పేర రాయండి అన్నట్టుంది. ఎవరికైనా మండుతుంది.

సరే, వద్దన్నారు. వద్దని ఊరికే కూర్చున్నారా? లేదు. రెండో ఓటుకి పదకొండు నెలల ముందే, 1994 జనవరి 1 నుంచి, యూరోపియన్ ఎకనామిక్ ఏరియా అనే ఒప్పందం అమల్లోకి వచ్చింది. నార్వే, ఐస్‌లాండ్, లీక్టెన్‌స్టయిన్ అందులో ఉన్నాయి. సరుకు, సేవలు, పెట్టుబడి, మనుషులు ఇటూ అటూ తిరగొచ్చు. వ్యవసాయం, చేపల వేట, బయటి దేశాల మీద వేసే సుంకం, కరెన్సీ, ఈ నాలుగూ ఎవరివి వాళ్ళవే. మన భాషలో చెప్పాలంటే కాళ్ళు నీళ్ళలో పెట్టి గట్టు మీద కూర్చున్నారు.

దీనికి అద్దె ఎంత? మొదటిది, డబ్బు. ఈయూలో పేద సభ్యదేశాల కోసమని 2014 నుంచి 2021 దాకా ఉన్న విడతలో ఆ మూడు బయటి దేశాలూ 280 కోట్ల యూరోలు ఒప్పుకున్నాయి. అందులో 97 శాతం దాకా నార్వేదే. సభ్యత్వం లేదు, చందా ఉంది. రెండోది, రూళ్ళు. బజారుకు సంబంధించి ఈయూ ఆఫీసులుండే బ్రసెల్స్‌లో ఏ చట్టం చేసినా నార్వే తన చట్టంలో ఎక్కించుకోవాలి. ముసాయిదా రాసేటప్పుడు వీళ్ళ నిపుణుల్ని పిలుస్తారు, మాట వింటారు. ఓటేసేటప్పుడు మాత్రం బయటికి పంపేస్తారు. పూర్వం రూలు ఫ్యాక్సులో వచ్చేది కాబట్టి నార్వేవాళ్ళే దీనికి ‘ఫ్యాక్స్ ప్రజాస్వామ్యం’ అని పేరు పెట్టుకుని నవ్వుకున్నారు. వద్దనే హక్కు కాగితం మీద ఉంది. 2011లో పోస్టల్ సర్వీసుల రూలు ఒకటి ఒప్పుకోమని అప్పటి ప్రభుత్వం మొండికేసింది. 2013లో ప్రభుత్వం మారింది, ఆ మొండితనమూ పోయింది.

మూడోదాని కోసమే నేను అసలు నార్వే తెచ్చాను. సాల్మన్ చేప. మన రొయ్యలాగే పెంచుతారు, గుంటల్లో కాదు, సముద్రం లోపలికి చొచ్చుకొచ్చిన పాయల్లో పెద్ద పెద్ద వల పంజరాల్లో. పెంచిన అట్లాంటిక్ సాల్మన్‌లో ప్రపంచంలో మొదటి స్థానం వాళ్ళదే. చేపల్ని ఒప్పందం బయట పెట్టుకున్నారు కదా? ఈయూ కూడా ఆ పని చేసింది. చేప మొత్తంగా, పచ్చిగా వస్తే సుంకం 2 శాతం. అదే చేపని పొగ పట్టించి, ముక్కలు కోసి, ప్యాకెట్లో పెట్టి పంపితే 13 శాతం. 

ఇది మీకు విడమరిచి చెప్పక్కర్లేదు. తేడా పదకొండు శాతం. నార్వే సాల్మన్ లారీల్లో ఎక్కి పోలండ్, డెన్మార్క్ పోతుంది, అక్కడ కోతకు, పొగకు కూలీ దొరుకుతుంది, అక్కణ్ణుంచి జర్మనీ, ఫ్రాన్సు సూపర్‌మార్కెట్లకి ప్యాకెట్లుగా పోతుంది. నార్వేలో కూలి రేటు ఎక్కువ, అందుకని కొంత పని ఎలాగూ పోలండ్ పోయేదే, అది ఒప్పుకుంటాను. కానీ సుంకం ఆ దారిని ఇంకా నున్నగా చేసింది. మన ప్రాసెసింగ్ ప్లాంట్లలో తల తీసి, పొట్టు తీసి, నరం తీసే ఆడవాళ్ళు వందల్లో ఉంటారు. ఆ పని మొత్తం ఎత్తి ఇంకో దేశంలో పెడితే మీ ఊళ్ళో ఏం మిగులుతుందో ఊహించుకోండి. గుంట మిగులుతుంది, గుంట యజమాని మిగులుతాడు. 

నేను గమనించింది ఇది. బయట ఉండటం వల్ల వచ్చే లాభం ఒకళ్ళ ఇంటికి పోతుంది, నష్టం ఇంకొకళ్ళ ఇంటికి పోతుంది. పడవ ఉన్నవాడు తన సముద్రం తను కాపాడుకున్నాడు. చేప కోసే పని మాత్రం దేశం దాటింది. ‘దేశానికి లాభమా నష్టమా’ అని అడిగినప్పుడు ఈ రెండు ఇళ్ళూ ఒకే కాలమ్‌లో కలిపేస్తారు ఆర్థికవేత్తలు. నేనూ ముప్ఫై ఏళ్ళు అదే పని చేశాను.

పెన్ను తమ దగ్గరే ఉంచుకోవడం వల్ల నార్వే రైతు బతికాడు, అది కూడా చెప్పాలి. ఏడాదిలో సగం చలి, చెక్కుచెదరని కొండలు, అక్కడ పాడి నడపడమంటే మాటలు కాదు. బయటి పాలు, వెన్న, చీజ్ మీద గట్టి సుంకం వేసుకున్నారు. 2013లో కొన్ని రకాల గట్టి చీజ్ మీద 277 శాతం దాకా పెట్టారు! ఇలాంటి సుంకాల వల్ల అంతకుముందే ఒక తమాషా కూడా జరిగింది. 2011లో వానలకి గడ్డి పాడై పాలు తగ్గాయి, పైగా ఆ ఏడాది జనమంతా అన్నం రొట్టె మానేసి కొవ్వు తినే డైటు పట్టారు. మన దగ్గర కూడా ఆ డైటు గాలి వీచింది, మా ఇంట్లోనూ కొబ్బరినూనె తాగినవాళ్ళున్నారు. సరిగ్గా క్రిస్మస్ ముందు నార్వే అంగళ్ళలో వెన్న అయిపోయింది. పక్కనే డెన్మార్క్, వెన్నకి పుట్టిల్లు. కానీ గేటుంది. స్వీడన్ సరిహద్దులో దొంగచాటుగా వెన్న తెస్తూ మనుషులు దొరికిపోయారు. బంగారం కాదు, వెన్న! చివరికి సర్కారే సుంకం తాత్కాలికంగా తగ్గించింది.

ఇక్కడ మీకు ఒక అనుమానం రావాలి. ఇన్ని ఇబ్బందులున్నా నార్వే అంత ధనిక దేశం ఎలా అయింది, బయట ఉండబట్టే కదా అని. కాదు. 1969లో ఉత్తర సముద్రంలో ఎకోఫిస్క్ దగ్గర పెద్ద ఎత్తున చమురు పడింది. ఆ డబ్బు దాచడానికి 1990లో నిధి పెట్టారు, 1996లో మొదటి జమ పడింది, ఇప్పుడది లక్షన్నర కోట్ల డాలర్లకి పైన. అంత బీరువా ఇంట్లో ఉన్నవాడు యూనియన్‌లో ఉన్నా బతుకుతాడు, బయట ఉన్నా బతుకుతాడు. ‘నార్వేని చూడండి’ అని ఎవరైనా వాదిస్తే ముందు బీరువా సంగతి అడగండి.

బీరువా లేని ఇంటికి పోదాం. ఐస్‌లాండ్. 2008లో అక్కడ జనాభా మూడు లక్షల ఇరవై వేలు. మన నెల్లూరు ఊరి జనం అంతకంటే ఎక్కువ. చేపలే ఆధారం. ఆ చేపల కోసం బ్రిటన్‌తో 1958 నుంచి 1976 మధ్య మూడుసార్లు సముద్రం మీద తగువు పడ్డారు, చివరికి తీరం నుంచి 200 నాటికల్ మైళ్ళు మావే అని ఒప్పించుకున్నారు. ఇంత చేసినవాళ్ళు ఆ సముద్రాన్ని యూనియన్‌కి రాసిస్తారా? చేరలేదు.

కానీ నార్వేతోపాటు ఆ సగం ఒప్పందంలో ఉన్నారు కదా. ఆ ఒప్పందం ప్రకారం ఐస్‌లాండ్ బ్యాంకు లండన్‌లో, ఆమ్‌స్టర్‌డామ్‌లో డిపాజిట్లు తీసుకోవచ్చు. ఎక్కువ వడ్డీ చూపించి తీసుకున్నారు. మూడు బ్యాంకుల ఆస్తులు పెరిగి పెరిగి ఆ దేశపు ఏడాది ఆదాయానికి పదింతలయ్యాయి. 2008 అక్టోబర్‌లో మూడూ వారం రోజుల తేడాలో కూలిపోయాయి. ఇది జనం సరిగ్గా చూడరు. ఆ ముప్పు వాళ్ళు బయట ఉన్నందుకు రాలేదు. సగం లోపల ఉన్నందుకు వచ్చింది. యూరప్ అంతా వ్యాపారం చేసుకునే గేటు తెరుచుకుంది, పడిపోయినప్పుడు పట్టుకోవడానికి వెనకాల పెద్ద రిజర్వు బ్యాంకు లేదు.

తర్వాత ఏమైంది? వాళ్ళ క్రోనా విలువ దాదాపు సగానికి పడిపోయింది. విదేశీ కరెన్సీ లెక్కలో ఇంటి అప్పు తీసుకున్నవాళ్ళకి అప్పు రెట్టింపైనట్టయింది. ఎంత టెన్షన్ పడ్డారో! డబ్బు దేశం దాటకుండా పెట్టిన ఆంక్షలు 2017లో గానీ చాలావరకు పోలేదు. అదే సమయంలో క్రోనా పడిపోవడం వల్ల వాళ్ళ చేప బయటివాళ్ళకి చవకైంది, మంచుకొండలు చూడ్డానికి టూరిస్టులు ఎగబడ్డారు, మెల్లగా లేచి నిలబడ్డారు. ఐర్లండ్ సంగతి చూడండి, అదే తరహా బ్యాంకు జబ్బు, కానీ లోపల ఉంది, యూరో వాడుతుంది. తన నాణెం విలువ తగ్గించుకునే వీలు లేదు. 2010లో 8,500 కోట్ల యూరోల సాయం ప్యాకేజీ తీసుకుని, జీతాలు కోసుకుని బయటపడింది. ఒకడికి ఇంట్లో మందు ఉంది, చేదు. ఇంకొకడికి ఆసుపత్రి ఉంది, బిల్లు. ఏది మేలంటే నేను ఐస్‌లాండ్ వైపు కొంచెం మొగ్గుతాను, కానీ అక్కడ ఇంటి అప్పు ఉన్నవాణ్ణి అడిగితే నన్ను కొడతాడు. 2009లో వాళ్ళే భయపడి ఈయూకి అప్లికేషన్ పెట్టారు, 2015లో వెనక్కి తీసుకున్నారు. వాన వెలిశాక గొడుగు బరువు అంటారు చూశారూ, అదీ.

స్విట్జర్లాండ్ గురించి తొందరగా చెప్పేస్తాను. 1992 డిసెంబర్‌లో 50.3 శాతంతో ఆ సగం ఒప్పందం కూడా వద్దన్నారు. తర్వాత విషయానికొకటి చొప్పున వందకు పైగా ఒప్పందాలు విడివిడిగా రాసుకున్నారు. ఒక్కో గింజా ఏరి పోగేసినట్టు. 2021 మేలో వాటన్నిటికీ ఒకే చట్రం వేద్దామన్న చర్చల నుంచి లేచి వచ్చేశారు. అదే నెలలో వాళ్ళ వైద్య పరికరాలకి ఈయూలో ఉన్న సులువు పోయింది. అప్పటిదాకా ఇంటివాడిలా వెళ్ళిన సరుకు మర్నాటి నుంచి పరాయివాడిలా లైన్లో నిలబడింది. స్విస్ ఫ్రాంక్ సొంతం కావడం వల్ల తిప్పలు కూడా ఉన్నాయి, అది చాలా గట్టి కరెన్సీ. 2015 జనవరి 15న వాళ్ళ కేంద్ర బ్యాంకు యూరోతో కట్టిన కట్టు విప్పేసరికి ఒక్క రోజులో ఫ్రాంక్ ఎగిరిపోయి ఎగుమతిదారులు తలలు పట్టుకున్నారు. ఐస్‌లాండ్‌కి కరెన్సీ పడిపోవడం మేలు చేసింది, వీళ్ళకి పెరిగిపోవడం కీడు చేసింది. సొంత పెన్ను ఉన్నంత మాత్రాన మనం రాసిందే పడుతుందని లేదు.

చుట్టూ ఈయూ ఉండి మధ్యలో స్విట్జర్లాండ్ ఉంది కదా, అది చూసినప్పుడల్లా నాకు పాత హైదరాబాద్ సంస్థానం గుర్తొస్తుంది. నిజాముకి సొంత నాణెం, సొంత రైలు, సొంత కస్టమ్స్. రేవు ఒక్కటే లేదు. 1947 నవంబర్‌లో భారత ప్రభుత్వంతో యథాతథ ఒప్పందం చేసుకుని బయట ఉందామని చూశాడు, 1948 సెప్టెంబర్ 17తో అది ముగిసింది. అది రాజకీయం, సైన్యం కథ, నాకు తెలుసు, పోలిక అంతదూరం లాగను. నేను చెప్పేది ఒక్క రేవు సంగతే. సముద్రానికి పోయే దారి ఇంకొకరి పొలంలో ఉన్నప్పుడు బయట ఉండటం ఖరీదు.

ఇక లోపల ఉండి బయటికొచ్చినవాళ్ళు. బ్రిటన్. 2016 జూన్ 23న 51.9 శాతం పోదామన్నారు. 2020 జనవరి 31న బయటికొచ్చారు, 2020 చివరిదాకా పాత పద్ధతే నడిచింది. కొత్త ఒప్పందంలో సుంకం సున్నా. సున్నా సుంకం అంటే గేటు లేదని చాలామంది అనుకున్నారు. 2021 జనవరిలో స్కాట్లండ్ నుంచి పీతలు, చేపలు వేసుకున్న లారీలకి తెలిసింది. ఒక్కో సరుకుకీ ఆరోగ్య ధృవపత్రం, ఎక్కడ పుట్టిందో పత్రం, కస్టమ్స్ పత్రం. సరుకు కుళ్ళిపోతుంటే ఆ నెలలోనే కొందరు లారీలు తీసుకుని లండన్ వీధుల్లోకి వచ్చి నిరసన చేశారు. కొన్ని రకాల నీళ్ళలో పెరిగిన ఆల్చిప్పల్ని బతికుండగా పంపడానికైతే వీల్లేదనే తేలింది. ఆ ఆల్చిప్ప లోపలున్నప్పుడూ అదే నీళ్ళలో పెరిగింది. నీళ్ళు మారలేదు, గీత మారింది. మా మామ చీటీ నాకు మళ్ళీ గుర్తొచ్చింది, రెండోసారి ఐసు ఇంత అని.

యూనియన్ వదిలినందువల్ల దీర్ఘకాలంలో ఉత్పాదకత నాలుగు శాతం తగ్గుతుందని అక్కడి బడ్జెట్ బాధ్యత కార్యాలయం లెక్కగట్టింది. బదులుగా వచ్చిందేమిటి? సొంతంగా ఒప్పందాలు చేసుకునే స్వేచ్ఛ. ఆస్ట్రేలియాతో చేసుకున్నారు, దానివల్ల దేశ ఆదాయం 0.08 శాతం పెరుగుతుందని వాళ్ళ ప్రభుత్వమే అంచనా వేసింది. అయితే ఒకటి వాళ్ళ వైపు వేయాలి. 2025లో అమెరికా అందరి మీదా సుంకాలు వేసినప్పుడు బ్రిటన్‌కి 10 శాతం పడింది, ఈయూకి 15 దగ్గర తెగింది. విడిగా ఉన్నవాడికి అయిదు తక్కువ. అది చిన్న విషయం కాదు.

ఇప్పుడు మీ గుంట దగ్గరికి వస్తున్నాను. 

మనం ఈయూలో లేము, నార్వేలాగా సగం కూడా లేము. అయినా యూరప్ చట్టం మీ గుంట గట్టు మీద నిలబడి ఉంది. 1997లో ఒకసారి మన చేపల ఉత్పత్తుల్ని శుభ్రత బాగాలేదని ఆపేశారు. పెంచిన రొయ్య మీద 2016 నుంచి వాళ్ళ రేవుల్లో తనిఖీ వందకు యాభైకి పెరిగింది. వంద సరుకులు పోతే యాభై సరుకులు విప్పి నమూనా తీస్తారు. క్లోరాంఫెనికాల్ అని ఒక యాంటీబయాటిక్, మీకు బాగా తెలిసిన పేరే. వంద కోట్ల పాళ్ళలో ఎన్ని పాళ్ళు కనపడితే చర్య తీసుకోవాలన్న గీత ఒకప్పుడు 0.3 దగ్గర ఉండేది. 2022 నవంబర్ 28 నుంచి 0.15. సగమైంది. ఆ మందు తినే సరుకులో ఉండకూడదు, అందులో నాకు వాదన లేదు. గీత ఎక్కడ గీయాలన్నప్పుడు మాత్రం ఆ గదిలో ఈక్వెడార్ రైతు లేడు, వియత్నాం రైతు లేడు, విడవలూరు రైతు లేడు. నార్వేవాడు కనీసం తలుపు దాకా వెళ్ళి మాట చెప్పొచ్చాడు.

అంటే ఏమిటి? బయట ఉన్నవాడు రూళ్ళ నుంచి తప్పించుకోడు. అమ్మకం ఎక్కడుందో రూలు అక్కడిదే. ‘మా చట్టం మేమే రాసుకుంటాం’ అన్న మాట మన ఊళ్ళో అమ్ముకునే సరుకు వరకే నిజం. రేవు దాటే సరుకుకి కాదు. అందుకే బయట ఉండాలా వద్దా అన్న ప్రశ్నకి నేను ముందు ఇంకో ప్రశ్న వేస్తాను. నీ సరుకు లేకపోతే వాళ్ళకి ఇబ్బందా, వాళ్ళ బజారు లేకపోతే నీకు ఇబ్బందా? నార్వే గ్యాసు లేకపోతే యూరప్‌లో పొయ్యి వెలగని ఇళ్ళుంటాయి. అందుకని నార్వే గట్టు మీద కూర్చున్నా కూర్చోబెడతారు. మన వెనామీ రొయ్య లేకపోతే వాళ్ళు ఈక్వెడార్ వెనామీ వేయించుకుంటారు.

నేను చెప్పదలుచుకున్నది ఇంతే. ప్రశ్నలుంటే అడగండి. ఆ బల్ల దగ్గర అమ్మాయి...

(ఒక విద్యార్థిని: సార్, మన రాష్ట్రం విడిపోవడానికి కూడా ఇదే లెక్క వర్తిస్తుందా?)

కొంత. గేటు విషయంలో వర్తించదమ్మా, ఎందుకంటే 2014 జూన్ 2 తర్వాత కూడా రెండూ ఒకే దేశంలో ఉన్నాయి, మీ నాన్నగారి సరుకు హైదరాబాద్ పోవడానికి కస్టమ్స్ లేదు. పంపకాల విషయంలో వర్తిస్తుంది. అప్పులూ గట్రా జనాభా లెక్కన 58.32, 41.68గా పంచారు. అంకెలు దశాంశం దాకా తేలాయి, సంస్థల పంపకాలు మాత్రం ఏళ్ళ తరబడి నలిగాయి. బ్రిటన్ కూడా వెళ్ళేటప్పుడు తన వాటా బాకీ కడతానని ఒప్పుకునే వెళ్ళింది. మొదటి అంచనా 3,900 కోట్ల పౌండ్ల దాకా ఉండింది. ఉమ్మడి కాపురంలో చేరేటప్పుడు ఎవరూ గిన్నెల లెక్క రాయరు.

(సింగరాయకొండ నుంచి వచ్చిన రైతు: అయ్యా, అమెరికా సంగతి చెప్తానన్నారు.)

చెప్తానన్నా, మర్చిపోలేదు పెద్దాయనా. 2025 ఆగస్టులో మన మీద 50 శాతం పడింది, అప్పట్లో ఈక్వెడార్ మీద 15. మనది నూట నలభై కోట్ల దేశం, వాళ్ళది రెండు కోట్లు కూడా లేని దేశం. మరి బేరంలో జనాభా ఏం చేసింది? ఏమీ చేయలేదు. మన రొయ్యకి అమెరికాయే పెద్ద బజారు కావడంతో దెబ్బ నేరుగా గుంట మీద పడింది. మీ దగ్గర వంద కౌంట్, అంటే కిలోకి వంద తూగే రొయ్య, రేటు ఎంతకి పోయిందో నాకంటే మీకే బాగా తెలుసు.

అందుకే ఇప్పుడు మిగతా గేట్ల వైపు చూస్తున్నారు. నార్వే, స్విట్జర్లాండ్, ఐస్‌లాండ్, లీక్టెన్‌స్టయిన్, ఈ నాలుగింటితో మన ఒప్పందం 2025 అక్టోబర్ 1 నుంచి అమల్లో ఉంది. పదిహేనేళ్ళలో పదివేల కోట్ల డాలర్ల పెట్టుబడి తెస్తామని అందులో రాశారు. చిన్న దేశాలు కదా తొందరగా తేల్చేశాయనుకుంటారు, చర్చలు మొదలైంది 2008లో! వాళ్ళకి మన రొయ్య పెద్దగా అక్కర్లేదు, చేపలు వాళ్ళ దగ్గరే ఉన్నాయి. మీకు పనికొచ్చేది బ్రిటన్‌ది. 2025 జులై 24న సంతకాలయ్యాయి, రొయ్య మీద సుంకం తీసేసే మాట అందులో ఉంది.

కానీ స్కాట్లండ్ లారీలు గుర్తున్నాయి కదా. సుంకం సున్నా అయినా కాగితం సున్నా కాదు. సీడ్ (రొయ్య పిల్ల) ఏ హేచరీది, మేత బిల్లు ఏది, మందు ఎప్పుడు వేశారు, గుంట రిజిస్ట్రేషన్ నంబరు ఎంత, పట్టుబడికి ముందు పరీక్ష చేయించారా, ఇవన్నీ ఒక పుస్తకంలో ఉండాలి. మీలో ఎంతమందికి ఆ పుస్తకం ఉంది? చేతులెత్తండి. 

ఏడు, ఎనిమిది... పెద్దాయనా, మీది ఉందా? ఇంట్లో ఉందంటారా. వచ్చే ఆదివారం బస్సెక్కేటప్పుడు అది కూడా సంచిలో పెట్టుకుని రండి, కూర్చుని చూద్దాం.